ఎర్రచందనం: శేషాచలం రాళ్లలో పండే చేవ

కడప జిల్లాలో సిద్ధవటం దాటి లంకమల వైపు తిరిగినా, రాజంపేట నుంచి కొండల అంచు పట్టుకుని రైల్వే కోడూరు మీదుగా తిరుపతికి వచ్చినా, వేసవిలో అడవి ఒకేలా కనిపిస్తుంది. ఎండకు కాగిన రాళ్ల వాలు, మోకాలెత్తు ఎండుగడ్డి, నడుమ నల్లటి బోదెలతో నిటారుగా నిలబడ్డ చెట్లు. ఎండాకాలం మొదట్లో వాటిలో చాలావాటికి ఆకు కూడా ఉండదు. భూమ్మీద ఎర్రచందనం తనంతట తాను పుట్టి పెరిగే చోటు ఈ కొండలే. శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల, నల్లమల దక్షిణపు కొస, వాటిని ఆనుకుని తమిళనాడులోకి చొచ్చుకెళ్లిన కొద్దిపాటి అడవి. అంతా కలిపి సుమారు 5 వేల చదరపు కిలోమీటర్లు. ఇంత చిన్న ఇంటి నుంచి బయల్దేరిన కలప బీజింగ్ రాజప్రాసాదాలకూ, జపాన్ సంగీతకారుల చేతుల్లోకీ, ఐరోపా వంటగదుల్లోకీ చేరింది. తెలుగునాట పుట్టిన చెట్లలో ఇంత దూరం వెళ్లింది మరొకటి కనిపించదు.

శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటాలినస్. చిక్కుడు, కంది, చింత చేరిన ఫాబేసీ కుటుంబమే దీనిదీ. మన అడవుల్లోని వేగిస, అండమాన్ దీవుల పడౌక్ దీనికి దగ్గరి బంధువులు. దేవుడి గదిలో అరగదీసే మంచిగంధం చెట్టుతో మాత్రం దీనికి చుట్టరికం లేదు. మంచిగంధం పక్క చెట్ల వేళ్ల నుంచి ఆహారం లాక్కుని బతికే సగం పరాన్నజీవి. దాని విలువంతా చేవలోని నూనెలో, పరిమళంలో ఉంది. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసనే లేదు. దాని విలువ రంగులో, బరువులో, గట్టిదనంలో ఉంది.

చెట్టు మరీ పెద్దది కాదు. ఎత్తు సాధారణంగా 8 నుంచి 11 మీటర్లు, బోదె చుట్టుకొలత మీటరుకు కాస్త అటూఇటూ. బెరడును ఒకసారి దగ్గరగా చూసినవాళ్లు మళ్లీ మరచిపోరు. నలుపు కలిసిన గోధుమ రంగులో, నిలువునా అడ్డంగా లోతుగా పగిలి, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. గొడ్డలి వేటు పడితే ఆ పగుళ్లలోంచి ఎర్రటి జిగురు కారుతుంది. ఆకుకు మూడు రెబ్బలు, ఎప్పుడైనా అయిదు. రెబ్బ వెడల్పుగా, కొసన చిన్న నొక్కుతో ఉంటుంది. ఎండలు ముదిరే మార్చి, మే నెలల మధ్య పసుపు పూలు పూస్తాయి. ఆ కొద్ది రోజులూ అడవి తేనెటీగలు పెద్దవీ చిన్నవీ చెట్టును వదలవు, పరాగ సంపర్కం చాలావరకు వాటి పనే.

పూత వచ్చిన తర్వాత కాయ పండటానికి దాదాపు ఏడాది పడుతుంది. మరుసటి ఫిబ్రవరి, మార్చిలకు రాలే ఆ కాయను అరచేతిలో పెట్టుకుని చూస్తే చెట్టు బతుకు సగం అర్థమవుతుంది. నాలుగైదు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల, నడుమ గట్టి ఉబ్బు, దాని చుట్టూ పలుచటి రెక్క. ఉబ్బులో ఒక గింజ, అరుదుగా రెండు. గాలికి ఎగరడానికి అమర్చిన కాయ ఇది. కానీ లోపలి పెంకు ఎంత గట్టిదంటే నీరు లోపలికి దిగడానికే చాలా కాలం పడుతుంది. చాలా కాయల్లో గింజ తాలుగా ఉంటుంది. మొలిచినవాటిలోనూ వేసవి మంటకూ, పశువుల నోటికీ పోయేవి పోగా మిగిలేవి కొద్ది. నర్సరీలవాళ్లు రెక్క తుంచి, పేడనీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత విత్తుతారు. అప్పటికీ వేసిన కాయలన్నీ మొలవవు. ప్రకృతి ఈ లోటును మరో దారిలో పూడ్చింది. కొట్టేసిన మోడు నుంచీ, వేళ్ల నుంచీ పిలకలు బాగా వస్తాయి. గొడ్డలి పడిన అడవులు మళ్లీ పచ్చబడ్డాయంటే చాలావరకు ఆ పిలకల వల్లే.

ఈ చెట్టు ఇక్కడే ఎందుకు ఆగిపోయింది? కారణం కాళ్ల కింది రాయి. కడప ప్రాంతపు క్వార్ట్‌జైటు, పలకరాయి పొరలు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటి మీద మట్టి పలుచన, పోషకాలు తక్కువ, నీరు నిలవదు. ఎర్రచందనానికి సరిపడింది సరిగ్గా ఆ నీరు నిలవకపోవడమే. నల్లరేగడిలో, నీరు ఊరే పల్లంలో దీని వేళ్లు కుళ్లుతాయి. వేడి 40 డిగ్రీలు దాటినా, వానలు రెండు విడతలుగా అరకొరగా పడినా, రాళ్ల పగుళ్లలోకి వేళ్లు దించి తట్టుకుంటుంది. అదే వాలుల మీద తంబజాలరి, చిరుమాను, వేగిస, కొండగోగు, కొండ ఈత కనిపిస్తాయి. తిరుమల కొండల చుట్టుపక్కలకే పరిమితమైన పేరీత అనే సైకాస్ మొక్కా ఇక్కడిదే. లోకంలో లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించింది కూడా లంకమల పాదాల దగ్గరి పొదల్లోనే. అందుకే 2010లో శేషాచలం కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 4,756 చదరపు కిలోమీటర్ల దాకా ఉంది. అలిపిరి మెట్ల మీదుగా తిరుమలకు నడిచే లక్షలాది భక్తులు సాగిపోయేది ఈ అరుదైన అడవి అంచునే.

చేవ

ఎర్రచందనం దుంగను అడ్డంగా కోసిన చోట చూడాలి. బెరడు కింద వేలెడో రెండు వేళ్లో తెల్లటి, లేత పసుపు చెక్క. దానికీ లోపలి చేవకూ మధ్య గీత గీసినట్టు హద్దు. హద్దు లోపల అప్పుడే కోసినప్పుడు నారింజ కలిసిన ఎరుపు, గాలి తగిలే కొద్దీ ముదురు ఎరుపు, ఏళ్లు గడిస్తే ఊదా కలిసిన నలుపు. కోసిన ముక్కను తెల్లకాగితం మీద గట్టిగా గీస్తే ఎర్రటి చార పడుతుంది. చిన్న పేడు స్పిరిట్‌లో వేస్తే కొద్దిసేపట్లోనే ద్రవం ఎర్రబడుతుంది. మామూలు నీళ్లలో వేస్తే రంగు దిగదు. కలప వ్యాపారులూ అటవీ సిబ్బందీ మొదట చూసే గుర్తులు ఇవే.

బరువు సంగతి ఇంకా ఆశ్చర్యం. ఆరిన టేకు ఒక ఘనపు మీటరు సుమారు 650 కిలోలు తూగుతుంది. ఎర్రచందనం చేవ 1,100 కిలోల చుట్టూ తూగుతుంది, అంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఈ సాంద్రతకు మూలం చెట్టు నెమ్మదితనంలో ఉంది. పోషకాలు తక్కువైన రాతి నేలలో ఏటా పెరిగేది కొద్ది. ఆ కొద్దిపాటి పెరుగుదలలో కణాల గోడలు మందంగా, ఖాళీలు తక్కువగా ఉంటాయి. బయటి తెల్లచెక్కలోని జీవకణాలు చనిపోయే ముందు తయారుచేసే రంగు పదార్థాలూ, ఫినాల్ జాతి రసాయనాలూ లోపలి కణాల్లో నిండిపోతాయి. చేవ అంటే అదే. చెదలు దాని జోలికి రావు, బూజు పట్టదు, వానకు తడిసి ఎండకు ఎండినా వంకర తిరగదు. చేవ తగినంత కట్టడానికి పాతికేళ్లు తక్కువలో తక్కువ. మంచి చేవకు అంతకంటే ఎక్కువే పడుతుంది.

అన్ని చెట్లూ ఒకే విలువ చేయవు. కొన్నింటిలో నార తిన్నగా సాగుతుంది. కొన్నింటిలో అలలు అలలుగా మెలి తిరుగుతుంది. నునుపు పట్టించినప్పుడు ఈ రెండో రకం మీద వెలుగు కదులుతున్నట్టు కనిపిస్తుంది, విదేశీ గిరాకీ అంతా దానికే. నిలబడి ఉన్న చెట్టును చూసి ఏది ఏ రకమో చెప్పడం కష్టం. దొంగలు బెరడు చెక్కి, లోపలికి గాటు పెట్టి చూసి వదిలేసిన చెట్లు అడవిలో చాలా ఉన్నాయి. చేవ లేదనో నార తిన్నగా ఉందనో వదిలేసినా, ఆ గాయం చెట్టును ఏళ్ల తరబడి బాధిస్తుంది.

విదేశీ ధరల మాట తెలియని రోజుల్లో రాయలసీమ పల్లెలు ఈ కలపను ఇంటి అవసరానికే వాడుకున్నాయి. గుంజలు, స్తంభాలు, వాసాలు, నాగళ్లు, బండి సామాను. ఒకసారి పాతిన గుంజ తరాలు నిలిచేది. అటవీశాఖ కూడా ఒకప్పుడు ఈ చెట్లను వరస ప్రకారం నరికి, మోళ్ల మీద పిలకలు పెంచి, మళ్లీ గుంజల కోసం నరికే పద్ధతిలో నడిపింది. ఇవాళ కిలోల లెక్కన తూచి తాళం వేసే దుంగ అప్పట్లో గొడ్ల కొట్టానికి ఆసరా.

రంగు

ఐరోపాకు ఎర్రచందనం మొదట తెలిసింది కలపగా కాదు, రంగుగా. మధ్యయుగపు ఐరోపా సంపన్నుల వంటల్లో దీని పొడి వేసి పదార్థాలకు ఎర్రటి రంగు తెచ్చేవాళ్లు. మందుల అంగళ్లలోనూ ఇది దొరికేది. ఆ తర్వాత మద్రాసు రేవు నుంచి ఓడల్లో వెళ్లిన దుంగలను అక్కడ పొడి కొట్టి ఉన్నిబట్టలకు అద్దకం వేశారు. రంగునిచ్చే పదార్థాలు శాంటాలిన్లు. అవి నీటిలో కరగవు, ఆల్కహాలులో కరుగుతాయి. అందువల్ల అద్దకానికి పటిక లాంటి లవణాలతో పాటు పొడిని బట్టతో కలిపి ఉడికించేవాళ్లు. కేరళ ఇళ్లలో తాగే నీళ్లకు గులాబీ రంగు తెచ్చే పతిముగం చెక్క దీనికి పూర్తిగా భిన్నం. అది నీళ్లలోనే రంగు దించుతుంది, చెట్టూ వేరు.

1856లో లండన్‌లో విలియం పెర్కిన్ కృత్రిమ ఊదారంగు కనిపెట్టాడు. 1869 నాటికి మంజిష్ఠ వేరులోని ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ దెబ్బతో చెట్ల రంగుల వ్యాపారం కుదేలైంది. ఎర్రచందనం పొడి మాత్రం పూర్తిగా పోలేదు. చెక్క వార్నిషుల్లో, పళ్లపొడుల్లో, కొన్ని ఆహారాల్లో నిలిచింది. స్వీడన్‌లో మసాలా ఉప్పునీటిలో ఊరేసిన చిన్న చేపల డబ్బాలు ఇప్పటికీ ఇంటింటా ఉంటాయి. క్రిస్మస్‌కు బంగాళాదుంపలతో కలిపి వండే వాళ్ల సంప్రదాయ వంటకానికి ఆ చేపలే ప్రాణం. ఆ ఊరుగాయకు లేత ఎరుపు తెచ్చే దినుసుల్లో ఎర్రచందనం పొడి ఒకటి.

చైనాలో కథ వేరు. అక్కడ దీన్ని జితాన్ అంటారు. మింగ్, చింగ్ వంశాల కాలంలో చక్రవర్తుల ఆసనాలకు, బీరువాలకు, తెరలకు, పుస్తకపు పెట్టెలకు జితాన్‌ను మించిన కలప లేదు. 18వ శతాబ్దంలో చియన్‌లాంగ్ చక్రవర్తి కాలానికి ఆ మోజు తారస్థాయికి చేరింది. సన్నటి లతలు, డ్రాగన్లు, మేఘాలు చెక్కినా అంచు విరగనంత గట్టి కలప కావాలి. ఎర్రచందనం అందుకు సరిపోయింది. వార్నిషు పూయకుండా మైనం రాసి రుద్దితేనే లోహపు మెరుపు వస్తుంది. చైనా 2000లో విలువైన గట్టి కలపలకు జాతీయ ప్రమాణం తయారుచేసినప్పుడు, జితాన్ తరగతిలో చేర్చిన ఏకైక జాతి మన టెరోకార్పస్ శాంటాలినస్. 1999లో బీజింగ్‌లో చెన్ లీహువా అనే పారిశ్రామికవేత్త ఈ కలప పేరు మీదే ఒక మ్యూజియం స్థాపించారు. ఆర్థికంగా ఎదిగిన చైనాలో పాత రాచరికపు సామాను మీద మోజు తిరిగి రావడమే మన అడవుల మీద ఒత్తిడి పెంచిన పెద్ద కారణం.

జపాన్‌లో శామిసెన్ అనే మూడు తంత్రుల వాద్యం ఉంది. తంత్రుల లాగుడుకు మెడకొయ్య ఏమాత్రం వంగినా శ్రుతి చెడుతుంది. మేలు రకం శామిసెన్ మెడలను ఎర్రచందనంతో చేస్తారు. అలల నార కనిపించే ముక్కకు అక్కడ మరింత విలువ. చేవ గట్టిదనం, బరువు, కదలని గుణం ఈ ఉపయోగంలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియవని చెప్పాలి.

సానరాయి, బొమ్మ, గ్లాసు

దక్షిణాది ఇళ్లలో ఎర్రచందనం చిన్న ముక్కలుగానే బతికింది. సానరాయి మీద నాలుగు నీటిచుక్కలు వేసి ముక్కను గుండ్రంగా అరగదీస్తే ఇటుక రంగు గంధం వస్తుంది. ఆయుర్వేదం రక్తచందనాన్ని చలవ చేసేదిగా, చర్మానికి మేలు చేసేదిగా చెబుతుంది. వాపుల మీద, చెమటకాయల మీద, తలనొప్పికి నుదుటి మీద పట్టు వేయడం పాత అలవాటు. ముఖానికి పూసే లేపనాల్లోనూ వాడతారు.

తిరుపతిలో దొరికే ఎర్రచందనం జంటబొమ్మలకు ఈ వైద్యంతో చుట్టరికం ఉంది. ఆడ, మగ బొమ్మలు జానెడు ఎత్తు, కాళ్లూ చేతులూ ఒంటికి అతుక్కుని, కళ్లూ ముక్కూ మాత్రం పొదుపుగా చెక్కి ఉంటాయి. తమిళ కుటుంబాల్లో వీటిని మరపాచి అంటారు. పెళ్లికూతురికి పుట్టింటివాళ్లు ఇస్తారు, నవరాత్రి బొమ్మల కొలువులో పై మెట్టు మీద వీటికి చోటు. పసిపిల్ల ఆడుకుంటూ నోట్లో పెట్టుకున్నా భయం లేదని నమ్మకం. పిల్ల ఒంటి మీద పొక్కులు వస్తే ఆ బొమ్మ అడుగునే సానరాయి మీద అరగదీసి పూసేవాళ్లు. కొన్ని ఇళ్లలో ఇలా తరాలుగా అరిగి పొట్టిబడిన బొమ్మలు ఇంకా ఉన్నాయి.

మధుమేహానికి చెక్క గ్లాసులో రాత్రంతా నీళ్లుంచి పొద్దున్నే తాగడం గురించి ఒక మాట. ఆయుర్వేదంలో ఆ పేరున్నది వేగిస. రెండూ ఒకే ప్రజాతి చెట్లు కావడంతో అంగళ్లలో ఒకదాని పేరుతో మరొకటి అమ్ముతారు. ఎర్రచందనం చేవలో టెరోస్టిల్బీన్ అనే పదార్థం ఉంది. దాని పేరే ఈ ప్రజాతి పేరు నుంచి పుట్టింది. ద్రాక్షలోని రెస్వెరాట్రాల్‌కు అది దగ్గరి చుట్టం, ప్రయోగశాలల్లో దాని మీద చాలా పరిశోధన సాగుతోంది. ప్రయోగశాల ఫలితం వేరు, రోగి తాగాల్సిన మందు వేరు. డాక్టరు రాసిన మాత్రలు మానేసి చెక్క గ్లాసును నమ్ముకోవడం ప్రమాదం.

పేరు చూసి మోసపోవడం అంతటితో ఆగదు. నిగనిగలాడే ఎర్రగింజల బండి గురివింద చెట్టు చెక్కనూ ఎర్రచందనమని అమ్మిన సందర్భాలు ఉన్నాయి. ఇక అణు రియాక్టర్ల కిరణాలను ఆపడానికే విదేశాలు దీన్ని కొంటాయన్న ప్రచారం ఊళ్లలో బలంగా ఉంది. దానికి ఆధారం లేదు. కిరణాలను ఆపడానికి రియాక్టర్ల దగ్గర వాడేవి కాంక్రీటు, సీసం, నీరు. ఎర్రచందనం దుంగ చేరేది సామాను చేసే వడ్రంగి కార్ఖానాకు.

గొడ్డలి దారి

ఆంధ్రప్రదేశ్‌లో ఎర్రచందనం రవాణాకు ప్రత్యేక నిబంధనలు 1969 నుంచే ఉన్నాయి. 1995లో ఈ చెట్టు అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేరింది. 1990ల చివర్లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది. 2018లో కొంచెం మెరుగైన తరగతికి మార్చి, కొన్నేళ్లకే మళ్లీ పాత తరగతికి దించింది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సైటిస్ జాతుల కోసం ఏర్పరచిన షెడ్యూలు కిందికీ ఇది వచ్చింది. అడవిలో సహజంగా పెరిగిన చెట్టును కొట్టి ఎగుమతి చేయడం నిషేధం.

అయినా దొంగరవాణా ఆగలేదు. నడిచే పద్ధతి దాదాపు ఒకటే. తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం ప్రాంతాల కొండపల్లెల నుంచి మేస్త్రీలు కూలీలను పోగుచేస్తారు. వాళ్లు రాత్రిళ్లు అడవిలోకి దిగి, రోజుల తరబడి అక్కడే వండుకు తిని, చెట్టును కూల్చి, తెల్లచెక్క చెక్కేసి, చేవ దుంగను భుజాన మోస్తూ కొండ దిగుతారు. దుంగ రోడ్డు చేరాక ముందు పైలట్ బండి, వెనక సరుకు బండి. ఆ తర్వాత గోదాము, తప్పుడు పత్రాలు, రేవులో కంటెయినరు, దుబాయ్ లేదా హాంకాంగ్ మీదుగా చైనా. దుంగ చేతులు మారిన ప్రతిచోటా ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొండ మీద ప్రాణం ఒడ్డేవాడికి దక్కేది అందులో చిన్న వాటా.

ప్రాణాలు రెండు వైపులా పోయాయి. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ ఉద్యోగులను కూలీల గుంపు చంపింది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి సమీపపు అడవిలో, దొంగరవాణాను అడ్డుకునే టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. వాళ్లలో అత్యధికులు తమిళనాడు పేదలు. ఆ ఘటన మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా ఫిర్యాదులు వెళ్లాయి. ఒక చెట్టు కోసం ఇంతమంది చావడం ఈ చెట్టు చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన అధ్యాయం. దుంగల సొమ్ములో పెద్ద వాటా తినేవాళ్లు కొండ ఎక్కరు, కాల్పుల్లో చిక్కరు. 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి ఈ నేరాలకు బెయిలు దొరకకుండా చేశారు, శిక్షలు పెంచారు. 2021లో వచ్చిన 'పుష్ప' సినిమాతో ఎర్రచందనం పేరు తెలియనివాళ్లు దేశంలో లేకుండా పోయారు. ఆ పేరు విన్న కోట్లమందిలో చెట్టును చూసినవాళ్లు ఎంతమందో!

పట్టుబడిన దుంగలు వేల టన్నుల్లో ప్రభుత్వ గోదాముల్లో పేరుకున్నాయి. వాటిని ఒక్కసారికి అమ్ముకోవడానికి సైటిస్ కింద భారత్ 11,806 టన్నుల పరిమితి పొందింది. సాగు చెట్ల నుంచి ఏడాదికి 310 టన్నులు వేరు. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ఎలక్ట్రానిక్ వేలం మొదలుపెట్టి, తొలి విడతలో 4 వేల టన్నులకు పైగా వేలానికి పెట్టింది. సక్రమంగా కొనే దారి ఉంటే దొంగసరుకు గిరాకీ తగ్గుతుందన్నది ఒక వాదన. సక్రమ సరుకు చాటున దొంగసరుకు కలిసిపోతుందన్నది మరో వాదన. దుంగ దుంగకూ గుర్తు, అడవి నుంచి రేవు దాకా లెక్క పక్కాగా ఉన్నంతవరకే మొదటి వాదన నిలబడుతుంది.

ఈ గిరాకీ దెబ్బ మన కొండలతోనూ ఆగలేదు. ఎర్రచందనం దొరకడం కష్టమైన కొద్దీ చైనా వ్యాపారులు దాని ఆఫ్రికా బంధువుల వైపు తిరిగారు. జాంబియాలో ముకులా అని పిలిచే చెట్టు కొద్ది ఏళ్లలోనే విపరీతమైన నరుకుడుకు గురై, 2019లో అదీ సైటిస్ జాబితాకు ఎక్కింది.

పొలంలో ఎర్రచందనం

2019లో కేంద్రం ఎగుమతి విధానాన్ని సవరించి, పట్టా భూముల్లో సాగుచేసిన ఎర్రచందనం దుంగల ఎగుమతికి దారి తెరిచింది. 2004 నుంచి భారత్ ఎర్రచందనం వాణిజ్యం మీద సాగుతున్న సైటిస్ ప్రత్యేక సమీక్ష 2023 నవంబరులో ముగిసింది. దాంతో చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల రైతులతో పాటు ఇతర జిల్లాలవాళ్లకూ ఆశ పుట్టింది. హైదరాబాదు చుట్టుపక్కల ఎర్రచందనం మొక్కలు నాటిన ప్లాట్లను, పన్నెండేళ్లకో పదిహేనేళ్లకో కోట్లు వస్తాయని చెప్పి అమ్మే ప్రకటనలు కూడా పెరిగాయి.

ఈ లెక్కను జాగ్రత్తగా చూడాలి. మెత్తటి నేలలో డ్రిప్పు పెట్టి, ఎరువులు వేసి పెంచితే చెట్టు త్వరగా లావెక్కుతుంది. లావెక్కిన దాంట్లో ఎక్కువ భాగం తెల్లచెక్క. కొనేవాడు కొనేది చేవను, బోదె చుట్టుకొలతను కాదు. పదిహేనేళ్ల చెట్టులో పెన్సిలంత చేవ ఉన్నా ఉండవచ్చు, అసలు లేకపోయినా ఆశ్చర్యం లేదు. అలల నార వస్తుందో రాదో నాటేటప్పుడు ఎవరూ హామీ ఇవ్వలేరు. నాటితే నష్టమని కాదు. సేద్యానికి పనికిరాని గరుగు నేల, రాళ్ల దిబ్బ, పొలం గట్టు దీనికి సరైన చోటు. అక్కడ మిగతా పంట ఎలాగూ రాదు, చెట్టుకు కావలసిన నీటి ఎద్దడి సహజంగానే ఉంటుంది, ఖర్చు తక్కువ. ముప్పై ఏళ్ల తర్వాత ఇంటి పిల్లలకు అక్కరకు వస్తుందన్న లెక్కతో నాటేవాళ్లకు ఇది మంచి చెట్టు. అప్పు తెచ్చి నాటేవాళ్లకు కాదు.

కాగితాల పని కూడా ముందే తెలిసి ఉండాలి. నాటినప్పుడే చెట్ల సంఖ్య, సర్వే నంబరు రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కించుకోవడం మేలు. కొట్టడానికి అటవీశాఖ అనుమతి, కదిలించడానికి రవాణా పర్మిట్, ఎగుమతికి విదేశీ వాణిజ్య శాఖ లైసెన్సు, సైటిస్ పత్రం కావాలి. చెట్టు పొలంలోదా అడవిలోదా అన్న అనుమానం వస్తే నిరూపించుకోవాల్సిన భారం రైతు మీదే పడుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి కాగితం భద్రంగా ఉంటేనే అది సాధ్యం.

పొలాల్లో ఎన్ని లక్షల మొక్కలు నాటినా కొండ మీది చెట్టుకు అవి బదులు కావు. నర్సరీలకు విత్తనం రావలసింది ఆ కొండల నుంచే. నార తీరు, రంగు చిక్కదనం, కరువును ఓర్చే గుణం చెట్టుకూ చెట్టుకూ మారుతూ ఉండేదీ అక్కడే. మంచి నార ఉన్న పెద్ద చెట్లనే దశాబ్దాలుగా ఏరి ఏరి నరికారు కాబట్టి ఇప్పుడు కాయలు రాల్చుతున్నవాటిలో సన్నవీ వంకరవీ ఎక్కువ. మిగిలిన తల్లిచెట్లను గుర్తించి, వాటి గింజను విడిగా సేకరించడం ఆలస్యం చేయకూడని పని. మోళ్ల మీది పిలకల్లో బలమైన ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేస్తే నిలిచినవి తిన్నగా సాగుతాయి. వాటిని మొదటి కొన్నేళ్లు మేకల నుంచీ మంటల నుంచీ కాపాడాలి. కాయలు రాలేదీ, ఎండుగడ్డి అంటుకునేదీ ఒకే కాలంలో కనుక ఫిబ్రవరి లోపే గడ్డి కోసి అగ్గిబాటలు శుభ్రం చేయించాలి. ఆ పనికి ఏటా చుట్టుపక్కల ఊళ్ల కూలీలే కావాలి, వాళ్లకు సకాలంలో కూలి అందాలి.